చిక్కం

సెలైన్ చుక్క రాలే తీరును ముత్యం పొద్దుటి నుంచి చూస్తూనే ఉన్నాడు. పైన సన్నటి మూతి దగ్గర కూడుకుంటుంది, బరువెక్కుతుంది, ఇక ఆగలేక జారుతుంది. కింద గొట్టంలో కలిశాక ఏది ఆ చుక్కో, ఏది అంతకు ముందుదో తెలియదు. ఆ గొట్టం వెంట చూపు పోనిస్తే చివర మనవరాలు రుత్విక ఎడమ చెయ్యి. కదలకుండా కింద అట్టముక్క పెట్టి తెల్ల పట్టీతో చుట్టారు. ఆరేళ్ల పిల్ల చెయ్యి ఆ అట్టముక్క కంటే సన్నగా ఉంది.

"గిది నీళ్లేనా?" అన్నాడు ముత్యం.

మంచం అంచున కూర్చున్న కోడలు కోమల తల ఎత్తి చూసింది. మామ తనంతట తాను ఒక సంగతి అడగడం ఆమెకు కొత్త. ఇంట్లో పొద్దు మొదలు మాపటి దాకా ఆయన మాట్లాడే మాటలు ఆమె చుట్టే ఒక్క కట్టలోని బీడీలకు మించవు.

"నీళ్లే మామా. ఉప్పు, శక్కర కలుపుతరట."

ముత్యం మళ్లీ చుక్కను చూశాడు. అతనికి తెలిసిన పద్ధతి వేరు. కారే కుండలో నీళ్లు పోస్తే ఇంకా కారుతుంది గానీ ఆగదు. విరేచనాలతో పారుతున్న దూడకైనా పిల్లకైనా ముందు నీళ్లు బంద్ చెయ్యాలి. లోపలున్నది పోయి, పేగు ఎండి, దానంతట అదే కట్టుకోవాలి. తండ్రి అట్లనే చేశాడు, తనూ అట్లనే చేస్తూ వచ్చాడు. చెన్నూరు పక్కన వాళ్ల ఊళ్లో ఎవరి పశువు మేత ముట్టకపోయినా పసుల ముత్యాన్నే పిలుస్తారు. ఇక్కడ చూస్తే కారే కుండలోనే నీళ్లు పోస్తున్నారు. అదీ నోటితో కాదు, నరంతో. పోయగా పోయగా గుంటలు పడ్డ పిల్ల కళ్లు నిన్నటి కంటే కొంచెం పైకి తేలాయి. ఇది ఎట్లా అయిందో అతనికి అంతుపట్టలేదు. అంతుపట్టకపోవడం అతనికి ఎందుకో బాగానే అనిపించింది. ఇంకొంచెం దగ్గరికి జరిగి చూశాడు.

డాక్టరమ్మ వచ్చింది. వెనక సిస్టర్ రమ. ఇద్దరి మూతులకూ నీలం మాస్కులు. పిల్లల వార్డులో తిరిగే వాళ్లందరికీ ఉన్నాయవి. డాక్టరమ్మ రుత్విక గౌను పైకెత్తి, పొట్ట మీది తోలును రెండు వేళ్లతో పట్టి వదిలింది. ముడత వెంటనే అణగలేదు. కాసేపు నిలబడి, మెల్లగా దిగింది.

"నోటితో ఏమన్నా తాగుతోందా?"

"లేదు మేడమ్," అంది రమ. "గ్లాసు చూస్తే పండ్లు బిగబడుతాంది. నన్ను చూస్తే సూది అనుకుంటాంది."

డాక్టరమ్మ కోమల వైపు తిరిగింది. "విరేచనాలు మొదలైనప్పటి నుంచి ఇంట్లో ఏం తాగించావమ్మా?"

కోమల కొంగు చివరను వేలికి చుట్టుకుంది. "ఏం తాపలే మేడమ్."

"నీళ్లు కూడానా?"

"నీళ్లు గూడ."

"నువ్వు తల్లివేనా? పిల్ల కళ్ల ముందు ఎండిపోతుంటే చూస్తూ కూర్చున్నావా? నీ నోరు ఎండితే నువ్వు తాగవా?"

'మామ వద్దన్నడు' అని రెండు మాటలు అంటే సరిపోయేది. ముత్యం ఆ రెండు మాటల కోసం ఎదురు చూశాడు. అవి రాలేదు. కోమల కొంగు విప్పింది, మళ్లీ చుట్టింది. పక్క మంచం మీది ముసలామె, మనవరాలు నౌషీన్‌ను తీసుకొచ్చిన బిస్మిల్లా బీ, పెదవి చప్పరించి మొహం తిప్పుకుంది. వార్డంతా కోమలనే చూసింది. కొడుకు మల్లేష్ దుబాయిలో ఉంటే పిల్ల జ్వరమూ జలుబూ కోమలే చూసుకోవాలి, అనవలసిన వాళ్లంతా కోమలనే అంటారు. ముత్యం గొంతు సవరించుకున్నాడు గానీ, సవరించుకోవడంతోనే ఆగిపోయింది.

"చెయ్యి ఉబ్బుతోంది, ఈ నరం ఎక్కువసేపు ఆగదు," అంది డాక్టరమ్మ. "మళ్లీ నరం దొరకడం కష్టం. రేపు సాయంత్రానికి నోటితో తాగాలి. తాగకపోతే ముక్కులోంచి గొట్టం వేస్తాం. అప్పటికీ కుదరకపోతే కరీంనగర్ పంపిస్తాను."

రుత్విక డాక్టరమ్మను చూడటం లేదు. రమ చేతిలోని పళ్లేన్నీ చూడటం లేదు. దిండు మీద తల పక్కకు వాల్చి తాత చేతులను చూస్తోంది. ఎత్తుకోమంటోందేమో అనుకుని ముత్యం చెయ్యి చాపాడు. పిల్ల పెదవులు లోపలికి మడుచుకుని, మూతి కనపడకుండా చేసుకుంది.

మధ్యాహ్నం ఊరి నుంచి పొరుగింటి కొమురవ్వ ఫోన్ చేసింది. కోమల ఫోన్ తెచ్చి మామ చెవికి ఆనించింది.

"పొల్ల ఎట్లున్నదన్నా?"

"ఉన్నది."

"తాగుతాందా?"

"లేదు." ఆ వెంటనే, "దూడ?" అన్నాడు.

"దూడకేమైంది, ఉన్నది."

"చిక్కం ఇప్పకు. పాలకు ఇడిచినప్పుడు ఇప్పు, మళ్ల కట్టు. తొట్టి కాడికి రానియ్యకు. ఇంక పారుతుండొచ్చు."

"సరే తియ్యన్నా. దూడ ఫికర్ నాకిడువు. నువ్వు పొల్లను చూస్కో," అని కొమురవ్వ ఫోన్ పెట్టేసింది.

చిక్కమంటే తాడుతో అల్లిన చిన్న జాలి బుట్ట. దూడ మూతికి తొడిగి చెవుల వెనక ముడి వేస్తే ఇక అది మన్ను తినదు, నీళ్లు ముట్టదు. ఇంట్లో పుట్టిన బర్రెదూడకు రుత్విక చిట్టి అని పేరు పెట్టింది. చిట్టికి పారుడు పట్టుకున్న రోజే ముత్యం కొత్త చిక్కం అల్లాడు. ఆ రోజే పిల్లకూ పట్టుకుంది.

ముత్యం ఫోన్ తిరిగి ఇచ్చేసరికి రుత్విక గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. వీపు మీద వెన్నుపూసలు గౌనులోంచి కనిపిస్తున్నాయి. నిద్రపోయిందనుకుని కోమల దుప్పటి సర్దింది. నిద్రపోలేదని ముత్యానికి తెలుసు. పడుకున్న పశువు నిద్రపోతోందా, పోతున్నట్టుందా అనేది ఊపిరిని బట్టి తెలుస్తుంది. ఈ ఊపిరి మేలుకునే ఉంది.

ఊరికే కూర్చోవడం ముత్యం చేతులకు రాదు. బట్టలు కుక్కి తెచ్చిన యూరియా సంచి అంచు పీచులు లేచి ఉంది. అతను ఒక్కొక్క పోగే లాగి, తొడ మీద అరచేతితో పురి పెట్టడం మొదలుపెట్టాడు. అరచెయ్యి కిందికి తోస్తే పోగులు రెండూ విడివిడిగా బిగుస్తాయి, పైకి లాగితే ఒకదాని మీద ఒకటి పడి తాడవుతాయి. చూడనక్కర్లేదు. చేతులు వాటంతట అవే చేసుకుపోతుంటే కళ్లు సెలైన్ చుక్క మీద ఉన్నాయి.

"ఏం జేస్తున్నవ్ భాయ్? దవాఖాన్ల దుకాన్ పెడ్తవా?" అంది బిస్మిల్లా బీ. ఆదిలాబాద్‌లో పుట్టి ఈ ఊరికి కోడలై వచ్చిన మనిషి. మంచం మీద కూర్చుని నౌషీన్ జడ అల్లుతోంది.

ముత్యం నవ్వలేదు గానీ మీసం కదిలింది.

అతని మనసులో పని ఒకటి ఉంది. కోమల ఓఆర్ఎస్ కలిపి పెట్టిన సీసా పొద్దుటి నుంచి మంచం మీంచి దొర్లి పడుతూనే ఉంది. సీసాకు ఒక జాలి అల్లి మంచం కమ్మీకి తగిలిస్తే పిల్ల చేతికి అందేటట్టు ఉంటుంది. ఎదురుగా కనిపిస్తుంటే ఎప్పుడో ఒకప్పుడు తాగాలనిపిస్తుంది. అట్లా అనుకుని, తాడు చాలినంత అయ్యాక, ముడి మీద ముడి వేసుకుంటూ అల్లాడు. అడుగు గుండ్రంగా, పైన వెడల్పుగా, రెండు పక్కలా వేలాడే కొసలు. చేతికి అలవాటైన అల్లిక అదొక్కటే. అయిపోయాక పిల్ల తల దగ్గర కమ్మీకి కొస ముడివేసి, సీసా పెట్టేముందు అందుతుందో లేదోనని కొంచెం కిందికి లాగి చూశాడు.

రుత్విక ఇటు తిరిగింది. మొహానికి జానెడు దూరంలో జాలి ఊగుతోంది.

పిల్ల గొంతులోంచి వచ్చిన కేక ముత్యం అంతకు ముందు ఎప్పుడూ విననిది. వెనక్కి జరిగి, మోకాళ్లు పైకి లాక్కుని, పట్టీ కట్టిన చేత్తోనే మూతి కప్పుకుంది. అదే సమయానికి రమ సూదిమందు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. కోమల పిల్లను పట్టుకోబోయింది, పిల్ల విదిలించుకుంది, పట్టీ ఊడింది, సన్నటి గొట్టం దుప్పటి మీద పడి నీళ్లు కార్చింది.

"అయ్యో, అయ్యో! నరం పాయె!" అంది రమ. "నన్ను చూస్తేనే గిట్ల చేస్తే నేనేం చెయ్యాలె? ఇంట్ల సూది ఏపిస్త, సూది ఏపిస్త అని బెదిరిస్తరు. ఇక్కడికొచ్చినంక మా పానం తింటరు. నువ్వే అన్నవా అమ్మా, సూది అని?"

"అనలే సిస్టర్," అంది కోమల. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అనకపోతే ఎట్ల భయపడ్తది?"

ఇద్దరు పట్టుకుంటే కుడి చేతికి ఎక్కించారు. ఈసారి చుక్క సరిగా రాలడం లేదు. కూడుకుంటోంది, ఆగుతోంది, ఆలోచించుకుని పడుతోంది. ముత్యం జాలి ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు. అందరూ రమను చూసే పిల్ల భయపడిందంటున్నారు. అతను మాత్రం ఒక సంగతి చూశాడు. కేక ముందు వచ్చింది, రమ తరవాత వచ్చింది.

మరునాడు పొద్దున ముత్యం చాయ్ తాగడానికి గేటు బయటికి పోయి వచ్చాడు. వచ్చేసరికి కోమల మొహం కొంచెం తేటగా ఉంది.

"మామా, రెండు గుటికెలు తాగింది. నేను ఉత్తగ గ్లాసు పెట్టి పక్కకు చూసిన, తాగింది."

"ఇంక పొయ్యి."

కోమల గ్లాసు నింపి పిల్ల నోటి దగ్గర పెట్టింది. రుత్విక కళ్లు గ్లాసు మీంచి తాత మీదికి వచ్చాయి. పెదవులు లోపలికి పోయాయి.

ముత్యం కొంతసేపు నిలబడ్డాడు. మేత ముట్టని పశువు దగ్గర అతను నిలబడడు. దూరం పోయి, కంచె వెనకనుంచి, అది ఎవరూ లేనప్పుడు ఏం చేస్తుందో చూస్తాడు. కొన్ని కుక్కను చూసి ముట్టవు, కొన్ని పక్క దొడ్లోని ఎద్దును చూసి ముట్టవు. అతను మెల్లగా వార్డు బయటికి నడిచి, తలుపు పక్కన, చెప్పులు విడిచే దగ్గర గోడకు ఆనుకున్నాడు. తలుపు సందులోంచి మంచం సగం కనిపిస్తుంది.

పిల్ల చాలాసేపు తలుపు వైపే చూసింది. తరవాత గ్లాసు వైపు. నాలుకతో పెదవులు తడుపుకుంది. ఎడమ చెయ్యి చాపి, గ్లాసు అంచు పట్టుకుని, దొంగతనంగా ఒక్క గుటక వేసి వెంటనే మూతి తుడుచుకుంది. తుడుచుకుని తలుపు వైపు చూసింది.

ముత్యం ఒక అడుగు లోపలికి వేశాడు. పిల్ల గ్లాసు వదిలేసింది.

సూది కాదు. మాస్కు పెట్టుకున్న సిస్టరూ కాదు. కుక్క ఏదో, ఎద్దు ఏదో తెలిసిపోయింది. ముత్యం మళ్లీ బయటికి పోయి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పిల్లను అతను ఏనాడూ కొట్టలేదు. అరవలేదు. అసలు మాట్లాడేదే తక్కువ. మరి ఎందుకు? అది తెలియకుండా తను గేటు బయట కూర్చుంటే పిల్ల తాగుతుందా? దొంగ గుటకలతో ఎంత తాగుతుంది? సాయంత్రానికి గొట్టం వేస్తామన్నారు.

లోపల బిస్మిల్లా బీ గొంతు లేచింది.

"అరె! గిలాస్ మళ్ల ఖాళీ! నౌషీన్, సచ్ బోల్, తాగినవా, పారబోసినవా?"

"తాగిన దాదీ."

"ఝూట్! కింద చూడు, మంచం కిందంత తడి! డాక్టర్ నన్ను అడుగుతది, నిన్ను కాదు!"

ముత్యం తలుపు దగ్గరికి వచ్చాడు. మంచాల రెండింటి మధ్య గచ్చు మీద నీళ్లు పారి ఉన్నాయి. నౌషీన్ దాదీ మొహాన్ని చూసి, పక్క మంచాన్ని చూసి, ఇక ఆపుకోలేకపోయింది.

"నేను పారబొయ్యలే. రుత్విక పారబోసింది. నేను పడుకున్నప్పుడు మంచం దిగకుంటనే చెయ్యి సాపి కిందికి ఒంపింది. నిన్న గూడ ఒంపింది. నాకు మంచిదే అన్నది."

"తౌబా! నీకెట్ల మంచిదే?"

"తాగితే చిక్కం కడ్తరట."

బిస్మిల్లా బీ అయోమయంగా కోమలను చూసింది. కోమల రుత్వికను చూసింది. పిల్ల దుప్పటి ముక్కు దాకా లాక్కుంది.

"చిక్కం అంటే ఏంది, భాయ్?" అని బిస్మిల్లా బీ తలుపు దగ్గరున్న ముత్యాన్నే అడిగింది. "నిద్రల గూడ చిక్కం, చిక్కం అంటది మీ పిల్ల."

జవాబు నౌషీనే చెప్పింది, రెండు అరచేతులూ బుట్టలాగా మూతికి ఆనించుకుని. "గిట్ల ఉంటదట దాదీ. తాడు తోటి. వీళ్ల తాత కడ్తడట. మాట వినకుంట నీళ్లు తాగినోళ్లందరికి కడ్తడట. సిస్టర్లకు గూడ కట్టిండ్రు సూడు, డాక్టర్‌కు గూడ. నిన్న ఈమెకు అల్లి తెచ్చిండట."

ముత్యం జేబులో చెయ్యి పెట్టాడు. వేళ్లకు జాలి ముడులు తగిలాయి.

దొడ్లో ఆ పొద్దు అతని కళ్ల ముందుకు వచ్చింది. చిట్టి తల చంకలో ఇరికించుకుని చిక్కం ముడి వేస్తుంటే రుత్విక పొట్ట పట్టుకుని వచ్చి, "తాతా, దూపైతాంది," అంది. "ముట్టద్దు," అన్నాడు. "జరంత," అంది. అతను చిక్కం ముడి బిగించి, నవ్వుతూనే, "నీక్కూడ ఒకటి అల్లాల్నా?" అన్నాడు. బీడీలు చుడుతున్న ఆడవాళ్లంతా నవ్వారు. కోమల కూడా నవ్వింది. పిల్ల నవ్విందో లేదో అతను చూడలేదు. తరవాత ఎప్పుడో పిల్ల కుండ దగ్గర దొంగతనంగా తాగింది కాబోలు. సాయంత్రానికి కళ్లు తేలేసింది. నీళ్లు తాగినందుకే ఇట్లా అయిందని దానికి ఎవరు చెప్పాలి? తాత ముందే చెప్పాడు కదా.

రోజూ పది మాటలు మాట్లాడే మనిషి అయితే పిల్ల అందులో ఏ తొమ్మిదింటినో మరిచిపోయేది. అతను మాట్లాడింది ఒక్కటే.

సాయంత్రం కాకముందే డాక్టరమ్మ వచ్చింది. రమ పళ్లెంలో సన్నటి గొట్టం ఉంది, చుట్ట చుట్టి. కోమల దాన్ని చూసి పిల్లకు అడ్డంగా నిలబడింది.

"జరుగమ్మా. ఇప్పుడు అడ్డం నిలబడితే ఏం లాభం?" అంది డాక్టరమ్మ. "అప్పుడు తాగించాల్సింది."

"ఆమె గాదు," అన్నాడు ముత్యం.

అందరూ తిరిగి చూశారు. అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది.

"నీళ్లు నేను వద్దన్న. ఇంట్ల నా మాట దాటి ఎవలు పోరు. కోడలు తాప్తనే అన్నది, నేనే కుండ మీద మూత పెట్టిచ్చిన. ఆమెను అనకుండ్రి."

కోమల మామ వైపు చూడలేదు. కొంగుతో మొహం ఒక్కసారి గట్టిగా తుడుచుకుంది.

"జర ఆగుండ్రి మేడమ్," అన్నాడు ముత్యం. "గొట్టం గీ పొద్దటికి పక్కకు పెట్టుండ్రి. పిల్లకు భయం సూదికి కాదు." ఎంత తక్కువ మాటల్లో చెప్పాలో వెతుక్కుంటూ చిక్కం సంగతి చెప్పాడు. తక్కువ మాటల్లో కాలేదు. ఒకటి చెబితే ఇంకొకటి చెప్పవలసి వచ్చింది. డాక్టరమ్మ గడియారం చూసుకోబోయి ఆగి, వింది. చివరకు తన మాస్కును ముట్టుకుని చూసుకుంది.

రమే ముందు తీసింది. మాస్కు చెవి మీంచి జార్చి రుత్విక ముందుకు వంగింది. ముక్కుకు చిన్న ముక్కుపుల్ల. పిల్ల ఆ ముక్కుపుల్లను కళ్లార్పకుండా చూసింది.

"నాకెవలు కట్టలేదే. నేనే పెట్టుకున్న. ఇగో, నేనే తీసిన. మీ తాత నాకు కడ్తనంటే ఊకుంటనా?"

నౌషీన్ కిసుక్కున నవ్వింది. రుత్విక నవ్వలేదు. దుప్పటి గడ్డం దాకా దించి, తాతను చూసి, మొట్టమొదటిసారి అడిగింది.

"చిట్టికి ఇప్పినవా?"

ముత్యం ఫోన్ కోసం కోడలి వైపు చూశాడు.

"చిట్టికి ఇంక ఉన్నదా? అది గూడ తాగుతలేదా?"

"అమ్మా, ఫోన్ జెయ్యి," అన్నాడు ముత్యం కోడలితో. "మొకం కనపడేటట్టు చెయ్యి. కొమురవ్వకు."

కొమురవ్వ కొడుకు కూడా గల్ఫులోనే ఉంటాడు కాబట్టి ఆమెకు ఆ ఫోన్లు అలవాటే. ఎత్తగానే సగం నుదురు, ఒక చెవి, వెనక దొడ్డి కనిపించాయి.

"ఏందన్నా! వీడియోలకొచ్చినవ్! కొడుకు తోని గూడ మాట్లాడవు నువ్వు."

"దూడ చిక్కం ఇప్పు," అన్నాడు ముత్యం. "ఇప్పుడే ఇప్పు. నీళ్లు పెట్టు."

ఫోన్లో కొమురవ్వ మొహం కదలకుండా నిలబడింది. ఫోన్ ఆగిపోయిందేమో అనుకున్నారు. ఆగలేదు.

"అన్నా, ఒకటి చెప్త. తిట్టద్దు మరి."

"చెప్పు."

"మీరు అటు పోంగనే నేను ఇప్పిన. నాలుక బయటేసి గోడ నాకుతాందన్నా. నాకు పానం ఆగలే. గోరెచ్చ నీళ్లల్ల ఇంతంత ఉప్పేసి పెట్టిన. బకీట్ల తలపెట్టి తీస్తెనా! మళ్ల పెట్టిన. నువ్వు ఫోన్ల ఇప్పకు, ఇప్పకు అంటాంటే నాకు నవ్వు, భయం. ఇగో చూడు దీన్ని."

ఫోన్ తిరిగింది. ముందు తోక కనిపించింది, తరవాత కాలు, గడ్డి, మళ్లీ తోక. "నిలవడే, నిలవడు, దీనమ్మ," అని కొమురవ్వ గొంతు. చివరికి నల్లటి మొహం తెర నిండా వచ్చింది. మూతికి ఏమీ లేదు. తడిసి మెరుస్తున్న ముక్కు ఫోన్ వాసన చూసి, విసుగ్గా పక్కకు పోయి, బకెట్లో దూరింది. చిట్టి నీళ్లు తాగే చప్పుడు వార్డంతా వినిపించింది. రుత్విక మోచేతి మీద లేచి, ఫోన్ మీదికి వంగింది. దూడ గొంతు కదిలినప్పుడల్లా పిల్ల గొంతు కూడా కదిలింది.

"చిక్కం ఏదే?" అన్నాడు ముత్యం.

"పొయ్యిల పెట్టిన," అంది కొమురవ్వ. "మళ్ల నువ్వొచ్చి కడ్తవని."

"బహుత్ అచ్ఛా," అంది పక్క మంచం మీంచి బిస్మిల్లా బీ.

రుత్విక ఫోన్ వదిలి తాత నుదురు చూసింది. కోపమొస్తే ఆయన నుదుటి మీద నరం ఒకటి లేస్తుందని ఇంట్లో అందరికీ తెలుసు. కోమల కూడా అక్కడే చూసింది. ముత్యం ఫోన్ లోపల గంతులేస్తున్న దూడను చూస్తున్నాడు. తన మాట కొమురవ్వ వినలేదు, దూడ ఎగురుతోంది. తన మాట పిల్ల విన్నది.

అతను జేబులోంచి జాలి తీశాడు. మంచం మీద పరిచి, కొస ముడి వెతికి, గోటితో వదులు చేశాడు. అల్లడానికి ఎంతసేపు పట్టినా, ఆ ఒక్క ముడి వదిలితే మిగతాదంతా దాని వెంటే వస్తుంది. విడిన కొసను పిల్ల వేళ్లకు అందించాడు.

"గుంజు."

రుత్విక తాత మొహాన్నే చూస్తూ కొంచెం లాగింది. ఒక గడి విడింది. ఇంకొంచెం లాగింది. ఇంకొకటి. తరవాత ఆపలేదు. ఎడమ చేత్తో లాగుతూనే ఉంది. గళ్లు టపటపా విడిపోతుంటే కళ్లు పెద్దవి చేసి చూసింది. చివరికి మంచం మీద వంకరలు తిరిగిన తాడు మిగిలింది, అంతే. పిల్ల దాన్ని ఎత్తి, అటూ ఇటూ తిప్పి, కింద ఏమైనా మిగిలిందేమోనని దుప్పటి దులిపి చూసింది.

"ఐపోయిందా?"

"ఐపోయింది."

"మళ్ల అల్లుతవా?"

ముత్యం అలవాటు ప్రకారం తల అడ్డంగా ఊపబోయి, ఆగి, పిల్లకు వినపడేటట్టు చెప్పాడు. "అల్లను బిడ్డా. నీకూ అల్లను, చిట్టికీ అల్లను."

రుత్విక తాడు పక్కన పెట్టింది. తల్లి గ్లాసు నింపి పట్టుకుని ఉంది. డాక్టరమ్మ పళ్లెం పక్కకు జరిపి, మంచం కమ్మీ మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. పిల్ల చెయ్యి చాపింది. గ్లాసు పెదవుల దాకా పోయి ఆగింది.

"తాతా, నువ్వు అటు తిరుగు."

ముత్యం గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. గోడకు సున్నం పెచ్చులు లేచి ఉంది. ఎవరో పిల్లలు పెన్సిల్‌తో పువ్వు గీశారు. వెనక ఏమీ వినపడలేదు. వినపడలేదు. తరవాత ఒక గుటక. చిన్నది. ఇంకొక గుటక, ఈసారి పెద్దది, వెంటనే మరొకటి, గ్లాసు పళ్లకు తగిలిన చప్పుడు. తిరిగి చూడాలని అతని మెడ లాగుతోంది. పెన్సిల్ పువ్వునే చూస్తూ నిలబడ్డాడు.

"ఇంక తిరగాల్నా బిడ్డా?" అని అడిగాడు.

"ఆగు తాతా," అంది రుత్విక, నోట్లో నీళ్లతోనే. "ఇంక ఐపోలే."